బోస్టన్ అమ్మమ్మ లెక్కల పుస్తకం

రండి, ఇలా హీటరు పక్కకి జరిగి కూర్చోండి. బయట మంచు మోకాలి దాకా ఉంది. పొయ్యి మీద అల్లం టీ మరుగుతోంది. ఇక్కడి బేస్‌బాల్ అభిమానులు చలికాలంలో చెప్పుకునే కబుర్లకి ‘హాట్ స్టవ్’ అని పేరే పెట్టుకున్నారు తెలుసా? ఆటలుండవు కదా, పొయ్యి చుట్టూ చేరి పోయిన ఏడాది ముచ్చట్లూ వచ్చే ఏడాది ఆశలూ కలబోసుకుంటారన్నమాట. మన పల్లెల్లో చలిమంట దగ్గర జరిగేదీ అదేగా.

మొన్న గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. మాటల మధ్యలో ‘నీకేమక్కా, బోస్టన్‌లో ఉన్నావు. ఎప్పుడూ గెలిచే ఊరు. అలాంటి ఊళ్ళో అభిమానిగా ఉండటం ఎవరికైనా చేతనవుతుంది’ అన్నాడు. వాడి మాట రెండు రోజులుగా నన్ను వదల్లేదు. వాడికి చెప్పాలనుకున్నదంతా ఇవాళ మీకు చెప్తాను.

గెలిచే ఊరన్న మాట నిజమే. 2002 ఫిబ్రవరి నుంచి 2019 ఫిబ్రవరి దాకా, అంటే 17 ఏళ్ళలో, మా జట్లు 12 టైటిళ్ళు కొట్టాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేట్రియట్స్ 6, బేస్‌బాల్‌లో రెడ్ సాక్స్ 4, బాస్కెట్‌బాల్‌లో సెల్టిక్స్ 1, ఐస్ హాకీలో బ్రూయిన్స్ 1. గెలిచిన ప్రతిసారీ నీళ్ళ మీదా నేల మీదా నడిచే డక్ బోట్ల మీద ఆటగాళ్ళని ఎక్కించి నగరమంతా ఊరేగిస్తారు. మా పాప 2004 జనవరిలో పుట్టింది. దానికి పదిహేనేళ్ళు నిండి నెల తిరిగేసరికి 11 గెలుపులు చూసింది. సంక్రాంతి వచ్చినట్టే ఊరేగింపూ వస్తుందనుకుంటూ పెరిగిన పిల్ల అది.

కానీ నాకు ఈ అభిమానం గెలుపుతో అంటుకోలేదు.

నేను ఇక్కడికొచ్చింది 2001 ఆగస్టులో. బోస్టన్‌కి పడమర ఫ్రేమింగ్‌హామ్‌లో అద్దె ఇల్లు. మా వారు పొద్దున వెళ్తే రాత్రికి రావడం. నాది ఉద్యోగం చేయనివ్వని వీసా. కారు నడపడం రాదు. వచ్చిన నెలకే సెప్టెంబరు 11. ఆ రోజు జంట భవనాలను ఢీకొన్న రెండు విమానాలూ మా లోగన్ ఎయిర్‌పోర్టు నుంచి లేచినవే. ఆ రోజుల్లో వీధిలో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికే జంకేవారు. అలాంటప్పుడు పక్కింటి పెద్దావిడ వరండాలో కూర్చుని రేడియో పెట్టుకునేది. సాయంత్రం ఏడయ్యేసరికి జో కాస్టిగ్లియోన్ గొంతు మా వంటింట్లోకి వచ్చేది. రెడ్ సాక్స్ ఆటల్ని 1983 నుంచి 2024 దాకా రేడియోలో చెప్పిన మనిషి ఆయన. ఆట ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతులో ఏదో ఇంటి వాసన. మా నాన్న క్రికెట్ కామెంటరీ పెట్టుకుని సైకిల్ చైనుకి నూనె రాసుకుంటుండేవారు. అలా అనిపించింది.

ఒకరోజు ఆవిడే పిలిచి కుర్చీ చూపించింది. ఒళ్ళో ఒక పొడుగాటి పుస్తకం, చేతిలో పెన్సిల్. పుస్తకం నిండా గడులు, ప్రతి గడిలో నాలుగు మూలల చిన్న గుర్తు. నాకు చుక్కల ముగ్గులు గుర్తొచ్చాయి. బ్యాటర్ మొదటి బేస్ చేరితే ఒక గీత, రెండోది చేరితే ఇంకో గీత. చుట్టూ తిరిగి ఇంటికొస్తే నాలుగు గీతలూ కలుస్తాయి. అప్పుడు లోపల పెన్సిల్‌తో నలుపు నింపాలి. అదే పరుగు. ముగ్గు పూర్తవడమే పరుగన్నమాట! మూడు స్ట్రైకులకి అవుటైతే ‘కె’ అనే ఇంగ్లీషు అక్షరం. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. మైదానంలో ఉన్న తొమ్మిదిమందికీ అంకెలు. బంతి వేసేవాడు 1, వెనక పట్టేవాడు 2, అలా. 6-4-3 అని రాసుందంటే బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికెళ్ళి ఇద్దరు ఎలా అవుటయ్యారో ఇరవై ఏళ్ళ తర్వాత చూసినా తెలిసిపోతుంది. నేను ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంది ఆ వరండాలో, ఆ పెన్సిల్ పక్కనే.

సీజన్‌కి 162 ఆటలండీ. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ. ఈ ఆట ఎందుకు మనుషుల్లోకి ఇంత లోతుగా దిగుతుందో నాకు అక్కడే తెలిసింది. పండక్కొచ్చే చుట్టం కాదది, రోజూ పక్కన కూర్చుని అన్నం తినే మనిషి.

ఆవిడ ఎదురుచూపు లెక్క నాకు మెల్లమెల్లగా తెలిసింది. రెడ్ సాక్స్ చివరిసారి గెలిచింది 1918లో. ఆ మరుసటి ఏడాది చివర్లో యజమాని హ్యారీ ఫ్రేజీ, బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి న్యూయార్క్ యాంకీస్‌కి లక్ష డాలర్లకు అమ్మేశాడు. అప్పటిదాకా ఒక్కసారీ గెలవని యాంకీస్ ఆ తర్వాత గెలుస్తూనే పోయారు. రెడ్ సాక్స్ నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోతూనే వచ్చింది. 1946, 1967, 1975, 1986, నాలుగుసార్లు ఫైనల్ చేరారు. నాలుగుసార్లూ చివరి ఏడో ఆటలోనే ఓడారు. జనం దాన్ని రూత్ శాపం అన్నారు. శాపమంటే మనకి వేరే చెప్పాలా? రామాయణ భారతాలు విని పెరిగినవాళ్ళం. ఆవిడ చెప్తుంటే నాకు ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

1986 ఫైనల్‌లో మెట్స్‌తో ఆరో ఆట. ఒక్క స్ట్రైకు పడితే గెలిచేసినట్టే. అక్కణ్ణించి చేజారింది. మన బిల్ బక్నర్ కాళ్ళ మధ్య నుంచి బంతి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆవిడా వాళ్ళాయనా తెల్లవార్లూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారట. ఆ తర్వాతి వసంతంలో ఆయన పోయారు. ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అని ఆసుపత్రిలో అన్నారట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు. పెన్సిల్ చెక్కుకుంటూ చెప్పింది.

మధ్యలో 2002 ఫిబ్రవరిలో పేట్రియట్స్ గెలిచారు. ఎంపికల్లో 199వ పేరుగా వచ్చిన టామ్ బ్రేడీ, చివరి క్షణంలో 48 గజాల నుంచి బంతిని తన్నిన విన్నటెరీ. వీధంతా హారన్లు. ఆవిడ కూడా సంతోషపడింది కానీ, పక్కింట్లో పెళ్ళయితే పడే సంతోషం అది.

2003 అక్టోబరు 16. యాంకీస్‌తో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో ఏడో ఆట. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2తో మనవాళ్ళే ముందున్నారు. బంతి వేస్తున్న మన పెడ్రో మార్టినెజ్ అలిసిపోయాడని మా ఇద్దరికీ టీవీలో కనబడుతోంది. మేనేజరు నడుచుకుంటూ వచ్చి మాట్లాడి, మార్చకుండా వెనక్కెళ్ళాడు. అరగంట తిరక్కముందే 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో వాళ్ళ ఆరన్ బూన్ మొదటి బంతికే హోమ్ రన్. నేను ఏడిచాను. కడుపులో ఆరో నెల, ఆపుకోలేకపోయాను. ఆవిడ ఎప్పుడో పెన్సిల్ కింద పెట్టేసి, లేచి నాకు పాలు వేడి చేసి ఇచ్చింది.

ఇక 2004. పాపకి తొమ్మిదో నెల. మళ్ళీ అదే యాంకీస్. మొదటి మూడు ఆటలూ ఓడాం, మూడోది మన మైదానంలోనే 19-8తో. బేస్‌బాల్ చరిత్రలో 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు అప్పటికి ఒక్కటీ లేదు. వీధిలో అందరూ టీవీలు ఆపేశారు. నేను మాత్రం ఆవిడకి లక్ష్మణ్ కథ చెప్పాను. ఇక్కడికొచ్చే ముందు, 2001 మార్చిలో, మా నాన్నతో కలిసి చూసిన ఈడెన్ గార్డెన్స్ టెస్టు. వరసగా 16 టెస్టులు గెలిచొచ్చిన ఆస్ట్రేలియా. 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్న మనం. మన హైదరాబాదీ 281 కొట్టాడు. ద్రవిడ్‌తో కలిసి నాలుగో రోజు పొద్దుణ్ణించి పొద్దుగూకేదాకా వికెట్ పడనివ్వలేదు. చివరికి మనమే 171 పరుగులతో గెలిచాం. అంతా విని ఆవిడ ‘అయితే కూర్చుందాం’ అంది.

నాలుగో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్. 4-3తో వాళ్ళు ముందున్నారు. బంతి వేస్తున్నది మరియానో రివెరా, ఆ కాలంలో చివరి ఇన్నింగ్స్‌కి అంతటివాడు లేడు. ఒకతను నడిచి మొదటి బేస్ చేరితే, అతని బదులు పరిగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ని పంపారు. బేస్ దొంగిలించడానికే వచ్చాడని మైదానంలో ప్రతివాడికీ తెలుసు. రివెరా మూడుసార్లు మొదటి బేస్‌కి బంతి విసిరి బెదిరించాడు. రాబర్ట్స్ చొక్కా దులుపుకుని, మళ్ళీ అంతే దూరం జరిగి నిలబడ్డాడు. బ్యాటర్‌కి మొదటి బంతి పడగానే పరుగు. రెండో బేస్‌ని అతని చెయ్యి ముందు తాకిందా, అతన్ని గ్లవ్ ముందు తాకిందా అన్నంత తేడాతో సేఫ్. వెంటనే బిల్ మ్యూలర్ దెబ్బకి స్కోరు సమం. పాపకి పాలిస్తున్నాను నేను. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఆర్టిజ్ కొట్టిన బంతి కుడివైపు గోడ దాటేసరికి అర్ధరాత్రి ఒంటిగంట దాటింది. పాప ఉలిక్కిపడి ఏడుస్తోంది. మేం ముగ్గురం ఏడుస్తున్నాం. ఆ తర్వాతి ఆట 14 ఇన్నింగ్స్ నడిచింది, దాదాపు ఆరు గంటలు. ఆరో ఆటలో మన షిల్లింగ్ చీలమండకి కుట్లతో, మేజోడు మీద నెత్తురు మరకతో బంతులేశాడు. ఏడో ఆట 10-3.

ఫైనల్‌లో సెయింట్ లూయిస్ మీద నాలుగుకి నాలుగూ గెలిచాం. నాలుగోది అక్టోబరు 27, రాత్రి. ఆశ్వయుజ పౌర్ణమి, సంపూర్ణ చంద్రగ్రహణం! గుంటూరు నుంచి అమ్మ ముందే ఫోన్ చేసింది, పాలిచ్చే తల్లివి, ఆ వేళప్పుడు బయటికెళ్ళకు, పట్టక ముందే తినెయ్యి అని. నేను ఎనిమిదింటికే తినేశాను. ఆవిడ వరండాలోకెళ్ళి చూసొచ్చి, చందమామ రాగి చెంబులా ఉన్నాడని చెప్పింది. గ్రహణం విడవక ముందే, పదకొండున్నర దాటాక, చివరి బంతి నేల మీద దొర్లుతూ బంతి వేసిన ఫోక్ చేతిలోకే వచ్చింది. అది కొట్టిన రెంటెరియా చొక్కా మీద అంకె 3. బేబ్ రూత్ అంకె కూడా 3. 86 ఏళ్ళు. శాపవిమోచనమంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

మర్నాడు పొద్దున ఆవిడ నన్ను కారెక్కించుకుంది. ఎక్కడికని నేనడగలేదు, శ్మశానానికని దారిలో చెప్పింది. ఒళ్ళో ‘బోస్టన్ గ్లోబ్’ పత్రిక, మొదటి పేజీలో అడ్డంగా ఒకే ఒక్క మాట: యెస్. దాని పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు. మేం వెళ్ళేసరికే చాలా సమాధుల మీద ఎర్ర జెండాలు, టోపీలు, పత్రికలు. పెద్దలకి చెప్పుకోవడానికి మా కన్నా ముందే జనం వచ్చి వెళ్ళారు. ఆ వారం న్యూ ఇంగ్లండ్ అంతటా అలాగే జరిగింది. మన దగ్గర శుభకార్యానికి ముందు పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం చూడండి, నాకు అచ్చం అదే అనిపించింది. ఆవిడ పత్రికని రాతికి ఆనించి, గాలికి ఎగరకుండా గులకరాయి పెట్టి, వాళ్ళాయనతో మాట్లాడింది. నేను పాపని ఎత్తుకుని దూరంగా నిలబడ్డాను.

మా తమ్ముడికి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ గెలుపు మూడేళ్ళ కింద దిగిన నాకు రావడమేమిటి? అది వేరేవాళ్ళు కూడబెట్టింది. పండిన చేలోకి కోతలనాడు వచ్చినదాన్ని నేను. నాకు తోచిన పని ఒక్కటే: ఎవరు నాటారో, ఎవరు నీళ్ళు పెట్టారో, ఎవరు పంట చూడకుండా పోయారో గుర్తుంచుకోవడం. ఓడే ఊళ్ళో ఆ పని ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు, ఓటమే గుర్తు చేస్తుంది. గెలిచే ఊళ్ళో మనమే పూనుకుని చెయ్యాలి.

తర్వాతి గెలుపులు గబగబా వచ్చాయి. 2007లో మళ్ళీ రెడ్ సాక్స్. 2008 జూన్ 17న సెల్టిక్స్, 22 ఏళ్ళ తర్వాత. 2011లో బ్రూయిన్స్, 39 ఏళ్ళ తర్వాత. పేట్రియట్స్ సంగతి చెప్పక్కర్లేదు, 2017 ఫిబ్రవరిలో 28-3తో వెనకబడి 34-28తో గెలిచిన ఆట ఒక్కటి చాలు. 2008 ఫిబ్రవరిలో మాత్రం, 18 ఆటలు వరసగా గెలిచి పంతొమ్మిదోది, ఫైనల్, 17-14తో పోగొట్టుకున్నారు. వీధంతా మాట పడిపోయింది. ఆవిడ కొత్త పుస్తకం తెరిచి పేజీలకి అంకెలేస్తూ ‘ఇంకో పదిరోజుల్లో రెడ్ సాక్స్ పిచర్లు శిబిరానికొస్తారు’ అంది.

లెక్క అంటే అన్నీ రాయాలని ఆవిడ పట్టుదల. పేట్రియట్స్ ఎదుటి జట్టు సైగలను వీడియో తీసి 2007లో శిక్ష పడినప్పుడు, ‘మనవాళ్ళు తప్పు చేశారు’ అని వరండాలో గట్టిగా అన్నది ఆవిడొక్కతే. అంతకన్నా పెద్ద లెక్క ఇంకొకటుంది. మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాణ్ణి అందరికన్నా చివరగా తీసుకున్న జట్టు రెడ్ సాక్స్, 1959లో పంప్సీ గ్రీన్‌ని. 1945లోనే నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ రెడ్ సాక్స్ మైదానం ఫెన్‌వే పార్కుకొచ్చి ఆడి చూపిస్తే వద్దనుకున్నారు. పదమూడు సీజన్లలో 11 టైటిళ్ళు తెచ్చిన సెల్టిక్స్ బిల్ రసెల్ ఇంటి మీద పడి గోడల మీద బూతులు రాశారు ఈ ఊరి చుట్టుపక్కల వాళ్ళే. ‘బేబ్ రూత్‌ని అమ్మితే శాపం తగలదమ్మా. రాబిన్సన్‌ని పంపించేస్తే తగుల్తుంది’ అనేది ఆవిడ. గోధుమరంగు ఒళ్ళుతో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న నాకు ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో ఎలా చెప్పను!

మా నాన్న 2009లో పోయారు. 1983 తర్వాత ఇంకో ప్రపంచ కప్పు చూడాలని ఆయన కోరిక. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్సర్ కొట్టేసరికి మాకు మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నేను చేసిన పని మీరు ఊహించే ఉంటారు. ఫోటో ముందు దీపం పెట్టి, స్కోరు మొత్తం చదివి వినిపించాను. గంభీర్ 97 దగ్గర సరిగ్గా చదవలేకపోయాను.

2013 ఏప్రిల్ 15 గురించి కూడా చెప్పాలి. బోస్టన్ మారథాన్ హాప్‌కింటన్‌లో మొదలై ఆష్‌ల్యాండ్‌లో మన లక్ష్మీదేవి గుడి ఉన్న రోడ్డు మీదుగా మా ఫ్రేమింగ్‌హామ్‌లోకొస్తుంది. ఏటా పాపా నేనూ రోడ్డు పక్కన నిలబడి నీళ్ళూ నారింజ తొనలూ అందించేవాళ్ళం. ఆ రోజూ అందించాం. ఉదయం మొదలైన ఆటలో రెడ్ సాక్స్ గెలిచారు. మధ్యాహ్నం మూడు కావొస్తుండగా గమ్యం గీత దగ్గర బాంబులు పేలాయి. ముగ్గురు పోయారు, వందలమంది గాయపడ్డారు. పొద్దున మా చేతి నీళ్ళు తాగినవాళ్ళెవరు అక్కడున్నారో అన్న ఆలోచన నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆ ఏడాది అక్టోబరు 30న రెడ్ సాక్స్ ఫెన్‌వేలోనే కప్పు గెలిచారు. సొంత మైదానంలో గెలవడం 1918 తర్వాత అదే మొదటిసారి. ఊరేగింపు బాయిల్‌స్టన్ వీధిలో ఆ గీత దగ్గర ఆగింది. కప్పుని దించి గీత మీద పెట్టి, దానికి 617 అని రాసిన చొక్కా తొడిగారు. అది బోస్టన్ ఫోన్ కోడ్. ఆ నిమిషం జనంలో ఉన్నాను నేను. అరుపులు లేవు. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు, నేనూ వదల్లేదు.

ఆవిడ 2018 వసంతంలో పోయింది. ఆ సీజన్‌లోనే రెడ్ సాక్స్ 108 ఆటలు గెలిచి, ఫైనల్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని ఓడించారు. డాడ్జర్స్ మేనేజరెవరో తెలుసా? డేవ్ రాబర్ట్స్, ఆ బేస్ దొంగ! ఆయన ముఖం వాడిపోయి కనబడితే గెలిచిన సంతోషంలోనూ నాకు గుండె కలుక్కుమంది. మర్నాడు పత్రిక పట్టుకుని నేనే కారు నడుపుకుంటూ శ్మశానానికెళ్ళాను. ఇప్పుడక్కడ రెండు పేర్లు.

ఆ తర్వాత ఊరు సద్దుమణిగింది. 2020లో సుమారు నెల తేడాతో రెడ్ సాక్స్ తమ ఆటగాడు బెట్స్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారు, పేట్రియట్స్ నుంచి బ్రేడీ వెళ్ళిపోయాడు. పేట్రియట్స్ 2023లో 17 ఆటల్లో 13 ఓడారు. 2024 జూన్ 17న, సరిగ్గా 2008 నాటి తేదీకే, సెల్టిక్స్ పద్దెనిమిదో కప్పు తెచ్చారు. పాప అప్పటికి ఇరవై ఏళ్ళది, ఊరేగింపుకి రైల్లో తనే వెళ్ళొచ్చింది.

ఆవిడ పుస్తకాలన్నీ వాళ్ళబ్బాయి నాకే ఇచ్చాడు, రెండు అట్టపెట్టెలు. మొన్న మంచు మొదలైన రోజు నేనూ పాపా ఒక్కొక్కటీ తీసి దుమ్ము దులిపాం. 2004 అక్టోబరు పేజీల్లో రాబర్ట్స్ దొంగతనం దగ్గర పెన్సిల్ కాగితాన్ని చింపేసింది. 2003 పుస్తకంలో ఏడో ఆట పేజీ ఎనిమిదో ఇన్నింగ్స్ దగ్గర ఆగిపోయి ఉంది. పెడ్రో వేసిన బంతికి ఎవరో మొదటి బేస్ చేరినట్టు ఒక గీత, అంతే. అక్కణ్ణించి పదకొండో ఇన్నింగ్స్ దాకా గడులన్నీ ఖాళీ.

పాప ఫోన్‌లో ఆ ఆట వివరాలు తీసింది. ‘అన్నీ ఉన్నాయమ్మా, నింపేద్దామా?’ అని పెన్సిల్ తీసుకుంది. వద్దన్నాను. పుస్తకం మూసి, 2002కీ 2005కీ మధ్య దాని చోట్లో పెట్టించాను. 2004ది మాత్రం పెట్టెలో పెట్టలేదు. అదిగో, మీ వెనక, దేవుడి గూటి పక్కనుంది. చూస్తారా? చేతులు తుడుచుకుని రండి, టీ తర్వాత తాగుదురుగాని.